ఇంటిల్లిపాదికీ ఆరోగ్యం: గురక యంత్రానికి డాక్టరు చీటీ ఎందుకు?

గత సంచికలో గురక గురించి నాలుగు మాటలు రాసిన తర్వాత ఈ శీర్షికకు చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో బరంపురం నుండి ఒక సోదరి రాసినది అందరికీ పనికివచ్చేలా ఉంది. దాని సారాంశం ఇది:

“మావారికి అరవై రెండేళ్లు. రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. రాత్రిపూట గురక పెడుతూ పెడుతూ ఉన్నట్టుండి ఊపిరి ఆగిపోతుంది. నేను భుజం తట్టి లేపితేగాని మళ్లీ అందుకోదు. పగలు పేపరు చదువుతూనే కునికిపాట్లు పడతారు. అమెరికాలో ఉన్న మా అబ్బాయి అక్కడ ఆన్‌లైన్‌లో యంత్రం కొని పంపుతానన్నాడు. తీరా చూస్తే డాక్టరు చీటీ ఉంటేగాని అమ్మం అన్నారట. ఇక్కడ మన దేశంలో ఆన్‌లైన్‌లో చీటీ అడగకుండానే ఇస్తున్నారు. అక్కడ అంత పట్టుదల ఎందుకు? ఇక్కడే కొనేసుకుంటే తప్పేమిటి?”

అమ్మా, ముందు ఒక్క మాటలో జవాబు చెప్తాను. ఇక్కడ కొనడంలో తప్పు లేదు. పరీక్ష లేకుండా, చీటీ లేకుండా కొనడంలోనే చిక్కుంది. అమ్మేవాడు అడగకపోయినా మనంతట మనం తెచ్చుకోవలసిన కాగితం అది. ఎందుకో చూద్దాం.

యంత్రం చేసే పని

నిద్రపోయినప్పుడు గొంతు కండరాలు సడలుతాయి. కొందరిలో నాలుక మొదలు, కొండనాలుక చుట్టూ ఉన్న మెత్తని భాగాలు వెనక్కి జారి గాలి దారిని మూసేస్తాయి. 10 సెకన్లు గాని అంతకు మించి గాని ఊపిరి ఆగితే దాన్ని ఆప్నియా అంటారు. రక్తంలో ప్రాణవాయువు తగ్గుతుంది. మెదడు ఉలిక్కిపడి మనిషిని కదిలిస్తుంది, ఊపిరి మళ్లీ అందుకుంటుంది. ఒక్క రాత్రిలో వందసార్లు ఇలా జరిగినా తెల్లవారాక ఆ మనిషికి ఏదీ గుర్తుండకపోవచ్చు. పక్కన పడుకున్నవారికే తెలుస్తుంది.

నిద్రలో గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగింది, ఎన్నిసార్లు బాగా సన్నగిల్లింది అని లెక్కవేసిన అంకెను ఏ.హెచ్.ఐ. అంటారు. పెద్దవాళ్లలో అది 5 నుండి 15 లోపు ఉంటే స్వల్పం, 15 నుండి 30 లోపు మధ్యరకం, 30 గాని ఆపైన గాని ఉంటే తీవ్రం.

సీప్యాప్ యంత్రం గదిలోని గాలినే లోపలికి తీసుకుని, గొట్టం ద్వారా, మాస్కు ద్వారా ఒక ఒత్తిడితో పంపుతుంది. ఆ ఒత్తిడి గొంతులో దారి మూసుకుపోకుండా నిలబెడుతుంది. ఆస్ట్రేలియాలోని సిడ్నీలో కొలిన్ సల్లివాన్, ఆయన సహచరులు 1981లో ‘ది లాన్సెట్’ వైద్య పత్రికలో ఈ పద్ధతిని ప్రకటించారు. అంతకు ముందు తీవ్రమైన జబ్బుకు మెడ దగ్గర శ్వాసనాళానికి రంధ్రం పెట్టవలసి వచ్చేది. ఆ బాధ తప్పించిన యంత్రం ఇది. అయితే ఎవరికి ఎంత ఒత్తిడి కావాలన్నది యంత్రం బయటినుండి చూసి చెప్పగలిగేది కాదు.

అమెరికాలో ఎందుకు అడుగుతారు?

అక్కడ మందులను, వైద్య పరికరాలను చూసే ఎఫ్.డి.ఎ. అనే ప్రభుత్వ సంస్థ సీప్యాప్‌ను చీటీ మీద మాత్రమే అమ్మవలసిన పరికరాలలో చేర్చింది. లైసెన్సు ఉన్న వైద్యుల ఉత్తరువు మీదే అమ్మాలని పెట్టె మీదనే రాసి ఉంటుంది. అంగడిలో అమ్మినా, ఆన్‌లైన్‌లో అమ్మినా అదే నియమం. యంత్రానికి, మాస్కుకు, గాలిని తేమ చేసే హ్యూమిడిఫైయరుకు చీటీ అడుగుతారు. ఫిల్టర్లు, గొట్టాలు, పట్టీల వంటి విడి సామాన్లకు మామూలుగా అడగరు.

ఇంకొక సంగతి మన కుటుంబాలు గుర్తుంచుకోవాలి. ఆ చీటీ రాసేవారికి అమెరికాలోని రాష్ట్రపు లైసెన్సు ఉండాలి. బెంగుళూరు డాక్టరుగారు, చెన్నై డాక్టరుగారు ఎంత పెద్ద నిపుణులైనా వారి చీటీ అక్కడ చెల్లదు. పిల్లల దగ్గర ఆరు నెలలు ఉండి వద్దామని వెళ్లిన తల్లిదండ్రుల యంత్రం అక్కడ పాడైతే, మళ్లీ అక్కడి వైద్యుణ్ణి చూసి రాయించుకోవాలి. అంచేత ఈ యంత్రం వాడేవారు ప్రయాణానికి ముందే దాన్ని ఒకసారి చూపించి, అదనంగా ఒక మాస్కు పెట్టుకోవడం మంచిది. యంత్రాన్ని లగేజీలో వేయకండి, చేతిసంచీతో పాటు ఉంచుకోండి. తొట్టిలోని నీళ్లు ముందే పారబోయండి. యంత్రంతో వచ్చిన అడాప్టరు మీద 100 నుండి 240 వోల్టులు అని ఉంటే అక్కడి కరెంటుకూ పనికొస్తుంది, ప్లగ్గు ఒకటి మార్చుకుంటే చాలు.

మన దేశంలో సంగతి

ఇక్కడ 2020 ఏప్రిల్ 1 నుండి వైద్య పరికరాలన్నీ మందుల చట్టం కిందికి వచ్చాయి. పరికరాలు అమ్మేవారు కూడా నమోదు చేయించుకోవాలని 2022లో నియమం వచ్చింది. అయినా సీప్యాప్ కొనడానికి వెళ్తే ఆన్‌లైన్‌లో గాని, బజారులో గాని చాలాచోట్ల చీటీ అడగరు. పేరు, చిరునామా, డబ్బు ఉంటే చాలు. అమెరికాలో అంగడివాడు చేసే తనిఖీని ఇక్కడ మన ఇంట్లోవాళ్లే చేసుకోవాలి. తేడా అంతే.

చీటీ వెనక ఉన్న మూడు ప్రశ్నలు

మొదటిది: ఇది ఏ రకం ఆప్నియా? గొంతు మూసుకుపోవడం వల్ల ఊపిరి ఆగేది ఒక రకం. ఊపిరి తీసుకోమని మెదడు నుండి ఆజ్ఞే రాకపోవడం ఇంకొక రకం, దాన్ని సెంట్రల్ ఆప్నియా అంటారు. గుండె బలహీనపడినవారిలో ఇది కనిపిస్తుంది. ఇంట్లో చూసేవారికి రెండూ ఒకేలా అనిపించవచ్చు. చికిత్స మాత్రం ఒకటి కాదు. దీనికి 2015లో వెలువడిన ఒక పెద్ద పరిశీలన సాక్ష్యం. గుండె బాగా బలహీనపడి, సెంట్రల్ ఆప్నియా ఉన్న 1,325 మందిని రెండు వర్గాలుగా చేసి, ఒక వర్గానికి ఏ.ఎస్.వి. అనే యంత్రం పెట్టారు. మేలు జరుగుతుందని అందరూ అనుకున్నారు. చివరికి గుండె, రక్తనాళాల కారణంగా చనిపోయినవారు యంత్రం వాడినవారిలో నూటికి దాదాపు 30 మంది, వాడనివారిలో 24 మంది అని తేలింది. బల్ల మీద పెడితే ఆ యంత్రానికీ సీప్యాప్‌కూ పైకి పెద్ద తేడా కనిపించదు.

రెండోది: ఎంత ఒత్తిడి? ఈ యంత్రాలలో ఒత్తిడిని నీటి సెంటీమీటర్లలో కొలుస్తారు. మామూలుగా 4 నుండి 20 దాకా పెట్టుకోవచ్చు. ఒకరికి 7 చాలు, ఇంకొకరికి 13 కావాలి. తక్కువైతే ముసుగు పెట్టుకున్న శ్రమే మిగులుతుంది, ఊపిరి ఆగుతూనే ఉంటుంది. ఎక్కువైతే నోరు ఎండిపోవడం, కడుపు ఉబ్బడం, మాస్కు పక్కల నుండి గాలి కారడం మొదలై, నాలుగో రోజుకు యంత్రం అటక ఎక్కుతుంది. అన్నగారికి రాసిన యంత్రం తమ్ముడు పెట్టుకోవడం పక్కింటివారి కళ్లద్దాలు పెట్టుకోవడం వంటిదే.

“ఆటో యంత్రం తనంతట తానే సర్దుకుంటుందిగా, ఇంక చీటీ ఎందుకు?” అని కొందరు అడుగుతారు. అది సర్దుకునేది గొంతు మూసుకునే రకానికే. కింద హద్దు ఎంత, పైన హద్దు ఎంత అన్నది డాక్టరే చెప్పాలి. గుండె వైఫల్యం, తీవ్రమైన ఊపిరితిత్తుల జబ్బు, సెంట్రల్ ఆప్నియా ఉన్నవారికి దాన్ని మామూలుగా సిఫారసు చేయరు.

మూడోది: అసలు సీప్యాపేనా? చాలాకాలంగా పొగతాగి ఊపిరితిత్తులు దెబ్బతిన్నవారికి, బాగా స్థూలకాయం వల్ల నిద్రలో శ్వాస మందగించేవారికి లోపలికి ఒక ఒత్తిడి, బయటికి ఒక ఒత్తిడి ఇచ్చే బైప్యాప్ అవసరం కావచ్చు. స్వల్పమైన జబ్బున్న కొందరికి బరువు తగ్గి, పక్కకు తిరిగి పడుకుని, రాత్రిపూట మద్యం మానేస్తే యంత్రమే అక్కర్లేకపోవచ్చు. ఆ మాట ముందే తెలిస్తే వేల రూపాయలు మిగిలినట్టే.

పరీక్ష, చీటీ

పగటి మగతను కొలవడానికి 1991లో ఆస్ట్రేలియా వైద్యుడు మర్రే జాన్స్ ఎనిమిది ప్రశ్నల పట్టిక ఒకటి తయారుచేశారు. కూర్చుని చదువుతున్నప్పుడు, టీవీ చూస్తున్నప్పుడు, కారులో వెళ్తున్నప్పుడు ఎంత కునుకు వస్తుందో ఒక్కోదానికి 0 నుండి 3 దాకా మార్కులు వేసుకోవాలి. మొత్తం 10 దాటితే డాక్టరుకు చెప్పాలి. తక్కువ వచ్చిందని నిశ్చింతగా ఉండకూడదు, ఊపిరి ఆగడం ఇంట్లోవాళ్లు చూశారంటే అదే పెద్ద గుర్తు. డాక్టరు దగ్గరికి భార్యాభర్తలు కలిసే వెళ్లండి. చూసినవారే చెప్పాలి కదా.

ముక్కు, చెవి, గొంతు డాక్టరు గాని, ఊపిరితిత్తుల డాక్టరు గాని పరీక్ష రాస్తారు. ఆసుపత్రిలో ఒక రాత్రి పడుకోబెట్టి మెదడు తరంగాలు, గుండె, శ్వాస, ప్రాణవాయువు అన్నీ నమోదు చేసేది పూర్తి పరీక్ష. గుండెజబ్బు, ఊపిరితిత్తుల జబ్బు వంటివి లేనివారికి ఇంట్లోనే చిన్న పరికరం కట్టుకుని చేసుకునే పరీక్ష సరిపోవచ్చు. పరీక్ష లేకుండా ఫోనులో నాలుగు ప్రశ్నలడిగి రాసిచ్చే కాగితానికి విలువ లేదు.

చీటీలో ఉండవలసినవి: రోగి పేరు, వయసు, ఏ రకం ఆప్నియా, పరీక్ష తేదీ, ఏ.హెచ్.ఐ. అంకె, యంత్రం రకం, ఒత్తిడి అంకె, ఆటో అయితే రెండు హద్దులు, మాస్కు రకం, సైజు, హ్యూమిడిఫైయరు కావాలా వద్దా, డాక్టరు సంతకం, రిజిస్ట్రేషను నంబరు. రిపోర్టు ఇంగ్లీషులో ఉంటుంది. మన పిల్లలలో తెలుగు చదవలేనివారున్నా ఇంగ్లీషు బాగా వచ్చినవారే. తాతగారి పక్కన కూర్చుని ఆ అంకెలు చదివి చెప్పే పని వాళ్లకే అప్పగించండి.

కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులు, రైల్వేవారు ముందు తమ వైద్య కేంద్రంలో అడగండి. యంత్రం ఖర్చు తిరిగి రావాలంటే నిపుణుల సిఫారసు, పరీక్ష రిపోర్టు కావాలి. ముందే కొనేసి తర్వాత కాగితాలు పట్టుకుని తిరిగితే కష్టం.

కొనేటప్పుడు

చీటీ చేతికి వచ్చాక ఆన్‌లైన్‌లో కొన్నా అభ్యంతరం లేదు. బిల్లు మీద యంత్రం సీరియల్ నంబరు ఉండాలి. మీ ఊళ్లోనో, దగ్గరి పట్నంలోనో మరమ్మతు చేసేవారున్నారా, ఒత్తిడి ఎవరు పెట్టిస్తారు, మాస్కు సరిపోకపోతే మార్చి ఇస్తారా అని ముందే అడగండి. యానాం వారికి కాకినాడ, హోసూరు వారికి బెంగుళూరు దగ్గర. అమెరికా నుండి తెప్పించిన యంత్రానికి ఇక్కడ వారంటీ ఉంటుందో లేదో కూడా తెలుసుకోవాలి.

వాడిన యంత్రం చవగ్గా వస్తుందంటే మరింత జాగ్రత్త. శబ్దం తగ్గించడానికి లోపల పెట్టిన ఒక రకం నురుగు పొడిపొడిగా రాలి ఊపిరిలోకి వెళ్లే ప్రమాదం ఉందని 2021 జూన్‌లో ఫిలిప్స్ సంస్థ లక్షల సంఖ్యలో సీప్యాప్, బైప్యాప్ యంత్రాలను వెనక్కి పిలిచింది. సీరియల్ నంబరు నమోదైనవారికి కబురు అందడం తేలిక. చేతులు మారిన యంత్రం ఎవరింట్లో ఉందో కంపెనీకి తెలియదు. ఇక 2021లో కోవిడ్ రోజుల్లో కొని మూల పెట్టిన ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటరు ఈ పనికి రాదు. అది ప్రాణవాయువు ఇస్తుందేగాని మూసుకున్న గొంతు తెరవదు.

చివరిగా ఒక చిన్న పని. రిపోర్టుకూ చీటీకీ రెండేసి నకళ్లు తీయించండి. ఒకటి యంత్రం సంచీలో, ఒకటి బీరువాలో ఉంచండి. ఎప్పుడైనా ఆపరేషను అవసరమైతే మత్తు ఇచ్చే డాక్టరుకు ముందుగా చూపించవలసిన కాగితం అదే, ఎందుకంటే మత్తులో ఈ జబ్బు ఉన్నవారి గొంతు ఇంకా తేలిగ్గా మూసుకుంటుంది. మాస్కు పెట్టుకోవడంలో వచ్చే ఇబ్బందుల గురించి వచ్చే సంచికలో రాస్తాను. మీ అనుభవాలు రాసి పంపండి.