ఆటస్థలంలో ప్రశ్నకు చోటెక్కడ?

తెలుగు పాఠం చెప్పుకునేవాడికి ఆటస్థలంతో పనేమిటని కొందరు మిత్రులు నన్ను అడిగారు. పని వున్నది. విద్యార్థి ప్రశ్నించాలని మనం వేదికలెక్కి చెబుతాం. ఆ విద్యార్థే సాయంత్రం మైదానంలో ఈల వినగానే మరబొమ్మలా నిలబడితే మనకు చీమకుట్టినట్టయినా వుండదు. పౌలో ఫ్రెయిరీ పేరెత్తకుండా విద్యమీద సదస్సు జరగదు; ఆయన చెప్పిన సంభాషణ మాత్రం తరగతి గోడ దాటి బయటికి రాదు.

డ్రిల్లు అన్నమాట సైనికుల వాడకంనుంచి బడిలోకి వచ్చింది. నా చిన్నతనంలో, చిత్తూరు ప్రాంతపు బడిలో, మాకు ఆటలంటే వరుస, ఈల, తప్పితే గుంజీళ్ళు. ఎందుకని అడిగినవాడు మైదానం చుట్టూ పరుగెత్తవలసిందే. బడి విడిచాక కళ్ళంలో మేమే చెడుగుడు ఆడేవాళ్ళం. గీత ఎక్కడ గీయాలి, కూత తెగిందా లేదా, అన్నీ మాట్లాడుకుని, పోట్లాడుకుని తేల్చుకునేవాళ్ళం. చిన్నపిల్లవాణ్ణి "ఆటలో అరటిపండు" చేసి చేర్చుకునే నియమాన్ని మాకు ఏ వ్యాయామోపాధ్యాయుడు నేర్పాడు? బలహీనుణ్ణి బయటికి నెట్టకుండా ఆట సాగించే ఆ ఉపాయం పిల్లల సొంత సృష్టి. అయితే ఆ కళ్ళంలోకి అందరి పిల్లలూ రాలేదు. వూరిలోని గీతలు అక్కడా వున్నాయి. వాటిని గురించి మేము మాట్లాడుకోలేదు. ఉపాధ్యాయుడు కావలసింది సరిగా అక్కడే.

మనవాళ్ళలోనే కొందరు, పిల్లలను మాట్లాడనిస్తే సమష్టి క్రమశిక్షణ చెడుతుందంటారు. ఈ వాదంలో పస లేదు. సోవియట్ మనస్తత్వవేత్త వైగోత్‌స్కీ 1933లో లెనిన్‌గ్రాడ్‌లో ఆటను గురించి చేసిన ఉపన్యాసంలో, నియమంలేని ఆటే లేదనీ, ఆటలో పిల్లవాడు తన కోరికను అణచుకుని నియమానికి ఇష్టపూర్వకంగా లోబడతాడనీ నిరూపించాడు. ఆజ్ఞకు లోబడటం వేరు. తానూ ఒప్పుకున్న నియమానికి లోబడటం వేరు. మొదటిది బంటును తయారుచేస్తుంది.

ఇంగ్లండులో బంకర్, థోర్ప్ అనే ఇద్దరు అధ్యాపకులు 1982లో క్రీడాబోధనను తిరగవేశారు. ముందు నైపుణ్యాలు వల్లెవేయించి తరువాత ఆట ఆడించడం కాదు. ముందు సులువు చేసిన ఆట, దాని మధ్య ప్రశ్న, ఆ ప్రశ్నకు అవసరమైన నైపుణ్యం. ఈ పేర్లేవీ ఎత్తకుండానే ఒక వ్యాయామాధ్యాపకుడు ఈ పనే చేయడం తిరుపతిలో ఒక కళాశాల మైదానంలో చూశాను. ఖోఖోలో ఓడిపోతున్న జట్టును ఆపి, "ఎందుకమ్మా దొరకడం లేదు?" అని అడిగాడు. నా తరగతిలో ఏడాదిగా నోరు విప్పని అమ్మాయి చెప్పింది: "ఆయమ్మి అటుపక్కకు దూరినా మేం ఇటుపక్కనే పరిగెత్తతా ఉండాం సార్. దూరిన వెంటనే ఖో ఇయ్యల్ల." ఆ రోజు సిగ్గుపడింది నేను.

ఇదంతా డబ్బున్న బడులకు చెల్లుతుందని మదనపల్లె దగ్గరి రిషీవ్యాలీని చూపిస్తారు. అది ఫీజులు చెల్లించగలవారి ఆవాస పాఠశాలే, కాదనను. కాని ఆ సంస్థే చుట్టుపక్కల పల్లెల్లో నడిపిన చిన్న బడులలో, వేర్వేరు వయస్సుల పిల్లలు ఒకే గదిలో కార్డులతో, ఒకరికొకరు చెప్పుకుంటూ చదువుకున్నారు. పేదరికం సంభాషణకు అడ్డు కాలేదు.

అడ్డు మరొకచోట వున్నది. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం, ప్రతి తరగతికీ ఆటసామగ్రి వుండాలన్నది. ఎనిమిదో తరగతి దాటితే ఆ చట్టం కూడా లేదు. మేడల్లో నడిచే ఇంటర్మీడియట్ కాలేజీలలో పిల్లలు దేనిమీద నిలబడి మాట్లాడాలి? అక్కడ సృజనాత్మక బోధన కరపత్రాలలో మాత్రమే వున్నది.

మైదానం వున్నచోట మనం చేసినదేమిటి? పరీక్షలు దగ్గరపడ్డాయని ఆటల గంటను ప్రత్యేక తరగతికి మార్చే కాగితం స్టాఫ్‌రూములోకి వస్తుంది. దానిమీద నేనూ సంతకం పెట్టాను. ఆ గంటలో సంధులు చెప్పాను.