గాజు గ్లాసును ఎవరికి పడితే వాళ్లకు ఇవ్వొద్దు

ఉపసంహరణ గడువు మధ్యాహ్నం మూడింటికి ముగియగానే బరిలో మిగిలిన అభ్యర్థుల జాబితా రాస్తారు. రెవెన్యూలో ఉండగా ఆ పని చేసినవాణ్ణి. అందులో మూడు వరసలుంటాయి. ముందు గుర్తింపు ఉన్న పార్టీలవాళ్లు, తర్వాత రిజిస్టరైనా గుర్తింపు లేని పార్టీలవాళ్లు, ఆఖర్న స్వతంత్రులు. ఏ వరసకు ఆ వరసలో అక్షరక్రమం. ఈవీఎం మీదా అంతే. మొదటి వరసవాళ్లకు ప్రతిపాదకుడి సంతకం ఒకటి చాలు, మిగతావాళ్లు పది తేవాలి. చిన్న పార్టీ అభ్యర్థులు ఆ సంతకాల కోసం పడే హైరానా నాకు బాగా తెలుసు.

రాష్ట్ర పార్టీగా గుర్తింపు పొందడానికి 1968 నాటి గుర్తుల ఉత్తర్వులో చాలా దారులున్నాయి. అసెంబ్లీ ఎన్నికల్లో 6 శాతం ఓట్లతో పాటు రెండు సీట్లు రావాలి. లేదా ఓట్లెన్నయినా 3 శాతం సీట్లు, కనీసం మూడు. సీటే లేకపోతే 8 శాతం ఓట్లు. లోక్‌సభ లెక్కలు వేరే ఉన్నాయి.

2019లో జనసేన, బీఎస్పీకీ వామపక్షాలకూ వదిలినవి పోను, ఆంధ్రప్రదేశ్ అంతటా పోటీచేసింది. అయిదున్నర శాతం ఓట్లొచ్చాయి, గెలిచింది ఒక్క రాజోలు. గుర్తింపు రాలేదు. 2024లో పొత్తులో 21 చోట్లే నిలబడి అన్నీ గెలిచింది. 2025 జనవరిలో గుర్తింపు వచ్చింది. పార్టీ బలాన్ని కొలిచామా, పొత్తు బలాన్నా? అయినా సభలో 21 మంది ఉన్నాక కాదనేదెవరు!

గీత ఉండాల్సిందే. ఆరేళ్లుగా ఒక్క ఎన్నికలోనూ పోటీచేయని 334 పార్టీలను 2025 ఆగస్టులో ఎన్నికల సంఘం జాబితాలోంచి తీసేసింది. రిజిస్టరైతే చాలనుకుంటే వాటికీ పెద్దపీట వేయాలి.

నా పేచీ గుర్తు దగ్గరే. 2024లో, అప్పటికి గుర్తింపు లేకపోవడంతో, జనసేన అభ్యర్థులు లేని కొన్నిచోట్ల ఆ పార్టీ గుర్తు గాజు గ్లాసు స్వతంత్రుల చేతికి వెళ్లింది, గొడవ హైకోర్టుకెక్కింది. ఓటరు పేరు చదవకముందే బొమ్మ చూస్తాడు. 2019లో భువనగిరి లోక్‌సభ స్థానంలో అప్పటి టీఆర్‌ఎస్ గుర్తు కారు 5,219 ఓట్లతో ఓడింది. అక్కడ కారును పోలిన రోడ్డు రోలర్‌ గుర్తుకు పాతికవేల పైచిలుకు పడ్డాయి. అవన్నీ కారువేనని చెప్పలేం గానీ, అనుమానం పోదు.

అందుకే గుర్తింపునూ గుర్తునూ విడదీయాలి. మొదటి వరస, ఒక్క సంతకం వంటివి ఇప్పటి గీత దాటినవాళ్లకే ఉండనివ్వండి. 3 శాతం ఓట్లో, ఒక ఎమ్మెల్యేనో ఉన్న పార్టీ గుర్తును మాత్రం తర్వాతి ఎన్నిక దాకా ఆ రాష్ట్రంలో మరొకరికి ఇవ్వకూడదు. స్వతంత్రులకు కుక్కరు, కుట్టుమిషను, మంచం లాంటివి బోలెడున్నాయి. ఇందుకు పార్లమెంటు చట్టం చేయనక్కర్లేదు. 2011లో 8 శాతం దారిని చేర్చినట్టే, ఎన్నికల సంఘం తన ఉత్తర్వును తానే సవరించుకోవచ్చు.