కమిటీలో మన ఆడబిడ్డకు కుర్చీ ఏది?

పిల్లని యూనివర్సిటీకి పంపేటప్పుడు మనం ఏమేం అడుగుతాం? హాస్టలు సీటు వచ్చిందా, స్కాలర్‌షిప్పు ఎప్పుడు పడుద్ది, మెస్సు బిల్లు ఎంత, కులం సర్టిఫికెట్టు ఒరిజినలే ఇవ్వాలా జిరాక్సు చాలా - ఇవే. అప్పో సప్పో చేసి బస్సెక్కిస్తాం. అక్కడ ఎవడన్నా చెయ్యేస్తే, మార్కులు నా చేతిలో ఉన్నయ్ అంటూ గదికి రమ్మంటే, పిల్ల ఎవరి దగ్గరికి పోవాలి? ఈ ప్రశ్న మన పల్లెల్లో ఎవరూ అడగరు. బడిపంతుళ్లం, మేమూ చాలాకాలం అడగలేదు. అడగనందుకు సిగ్గుపడి రాస్తున్నాం.

మూడేళ్ల కిందట, మా దగ్గర పదో తరగతి దాకా చదివిన పిల్ల ఎమ్మే రెండో ఏడాది మధ్యలో పెట్టె సర్దుకుని ఇంటికొచ్చేసింది. తల్లి మిరప కోతలకు పోయి చదివించిన పిల్ల. ఏమ్మా అంటే "ఒంట్లో బాగాలేదు మాస్టారూ" అంది. రెండు నెలలకి గాని అసలు సంగతి మా ఇంట్లో ఆడవాళ్లతో చెప్పలేదు. ప్రాజెక్టు చూసే ప్రొఫెసరు సంతకం కోసం సాయంత్రాలు ఒంటరిగా రమ్మనేవాడు. భుజం మీద చెయ్యేశాడు. ఆ పిల్ల వెనక్కి జరిగితే "రిజర్వేషన్లో వచ్చిందానివి, మీవాళ్లకి ఇవన్నీ మామూలే గదా, ఎందుకీ వేషాలు" అన్నాడు.

తండ్రి "చదువు చాల్లే మాస్టారూ, బిడ్డ బతికుంటే చాలు" అన్నాడు. మన పెద్దమనుషులేమో "పోనీయండి, పెళ్లి కావాల్సిన పిల్ల, బయటపడితే మనకే నామోషీ" అన్నారు. చేసినవాడికి లేని నామోషీ పడ్డదానికి ఎందుకో ఎవరూ చెప్పరు! ఆ పిల్ల మాత్రం ఒక మాట చెప్పింది. హాస్టల్లో ఊడ్చే ఆయా, మన పేటల్లోని మనిషే, తను ఏడుస్తుంటే చూసి "ఫలానా మేడం ఆ కమిటీలో ఉంది, ఆమె దగ్గరికి పో తల్లీ" అన్నదంట. పిల్లకి ధైర్యం చాలలేదు. మేము ఆ పేరు పట్టుకుని, తల్లినీ పిల్లనీ తీసుకుని బయల్దేరాం.

ఆ కమిటీ పేరు అంతర్గత ఫిర్యాదుల కమిటీ. ఇది ఎవరి దయవల్లా రాలేదు. రాజస్థాన్‌లో జైపూర్ దగ్గర భటేరీ అనే ఊళ్లో భన్వరీ దేవి అని కుమ్మరి కులపు ఆడమనిషి ఉంది. ప్రభుత్వం తరఫున 'సాథిన్'గా ఊళ్లో పనిచేసేది. పసిపిల్లల పెళ్లి ఆపబోయిందని 1992 సెప్టెంబరులో ఆమె మీద పై కులాలవాళ్లు మూకుమ్మడిగా అత్యాచారం చేశారు. 1995లో జైపూర్ కోర్టు అత్యాచారం కేసు కొట్టేసింది. పై కులం మగవాడు కింది కులం ఆడదాన్ని అలా ముట్టుకుంటాడా అనే ధోరణిలో సాగిన తీర్పది. రోజూ ఊళ్లల్లో జరిగేది ఏంటో ఆ జడ్జిగారికి తెలీదు కాబోలు. ఆ అన్యాయం చూసి మహిళా సంఘాలు సుప్రీంకోర్టుకి పోతే, 1997 ఆగస్టు 13న విశాఖ తీర్పు వచ్చింది. ఆడవాళ్లు పనిచేసే ప్రతిచోటా ఫిర్యాదుల కమిటీ ఉండాలంది. ఆ తీర్పే 2013లో చట్టమైంది. యూనివర్సిటీలకు, కాలేజీలకు యూజీసీ నిబంధనలు 2016లో వచ్చాయి. అంటే ఈ చట్టం పుట్టింది ఒక పల్లెటూరి కింది కులం కూలిమనిషి కన్నీళ్లలో. పట్నం పోయి ఆఫీసుల్లో కూర్చుంది. మళ్లీ మన పల్లెకి రాలేదు.

ఆ మేడం సంగతి చెప్పాలి. ఆమె పై కులం మనిషే, దాచుకోవాల్సింది లేదు. క్లాసులు చెప్పుకుంటూ, పేపర్లు దిద్దుకుంటూ, దానికి తోడు ఈ పని. కమిటీకి గది లేదు. పాత బీరువాలు పెట్టిన కొట్లాంటి గదిలో, తలుపేస్తే ఉక్క, తీస్తే నడవాలో జనం - అక్కడ కూర్చోబెట్టి అడిగింది. ముందు పిల్లకి మంచినీళ్లిచ్చి, జరిగి ఎన్నాళ్లయిందో లెక్కేసింది. ఆఖరిసారి జరిగిన మూడు నెలల్లోగా ఫిర్యాదు ఇవ్వాలి, తగిన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలలు పొడిగించొచ్చు. మాకు పన్నెండు రోజులే మిగిలి ఉన్నాయి. పిల్ల చెయ్యి వణికి రాయలేకపోతే, ఆమే రాసి, చదివి వినిపించి, సంతకం పెట్టించుకుంది. రాయలేనివాళ్లకి రాసిపెట్టడం కమిటీ బాధ్యత అని చట్టంలోనే ఉంది.

మేము భయపడింది ప్రాజెక్టు మార్కుల గురించి. విచారణ నడిచినన్నాళ్లూ ఆ మనిషి ఈ పిల్ల పని దిద్దకుండా, మార్కులు వెయ్యకుండా ఆపమని సిఫారసు చేసే అధికారం కమిటీకి ఉందని ఆమె చెప్పింది. ఆపించింది కూడా. పిల్ల ఎమ్మే పాసయింది. ఇక్కడిదాకా ఆ మేడం రుణం మేము మర్చిపోం. తోటి అధ్యాపకులు "నీకెందుకమ్మా ఈ గొడవలు" అంటున్నా, పైనుంచి ఫోన్లు వస్తున్నా నిలబడ్డ మనిషి.

కానీ నివేదిక వచ్చాక చూస్తే, చెయ్యి వేసిన సంగతి ఉంది. గదికి పిలిచిన సంగతి ఉంది. "మీవాళ్లకి ఇవన్నీ మామూలే" అన్న మాట లేదు. పిల్ల చెప్పింది, మేము విన్నాం, కాగితం మీదకి రాలేదు. అడిగితే "కులం విషయం మా పరిధి కాదండీ" అన్నారు. ఆ కమిటీలో కూర్చున్నవాళ్లలో మన మనిషి ఒక్కరూ లేరు. ఉంటే ఆ మాట దగ్గర కలం ఆగేదా? వాడు ఆ పిల్లని ఎంచుకుందే ఆ మాట అనగలిగినందుకు. వెనకాల అడిగే దిక్కు లేదనుకున్నాడు. కులాన్ని తీసేస్తే మిగిలింది సగం నేరమే. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో 2015 సవరణతో మన ఆడవాళ్లని వాళ్ల ఇష్టం లేకుండా లైంగికంగా తాకడం, అలాంటి మాటలు, చేష్టలు విడిగా నేరమయ్యాయి. ఫిర్యాదుదారు పోలీసు కేసు పెట్టుకుంటానంటే సంస్థ సాయపడాలని 2013 చట్టం చెబుతోంది. ఆ దారి ఒకటుందని ఆ గదిలో పిల్లకి ఎవరూ చెప్పలేదు.

ఇక్కడే అసలు తిరకాసు. జిల్లాలో కలెక్టరు కింద స్థానిక కమిటీ అని ఒకటుంటుంది - పదిమందిలోపు పనిచేసే చోట్లవాళ్ల కోసం, యజమాని మీదే ఫిర్యాదు ఉన్నవాళ్ల కోసం. దానికి నియమించే సభ్యుల్లో ఒక్కరైనా ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ మహిళ ఉండాలని 2013 చట్టం రాసింది. యూనివర్సిటీ కమిటీకి మాత్రం ఆ షరతు లేదు. ప్రొఫెసరు స్థాయి మహిళ అధ్యక్షురాలు, ఇద్దరు అధ్యాపకులు, ఇద్దరు బోధనేతర ఉద్యోగులు, బయటి సంస్థ నుంచి ఒకరు, విద్యార్థుల సంగతైతే ఎన్నికైన ముగ్గురు విద్యార్థులు. సగం మంది ఆడవాళ్లుండాలి. వైస్ ఛాన్సలరు, రిజిస్ట్రారు, డీన్లు, శాఖాధిపతులు ఉండకూడదు. బాగానే ఉంది. మన కుర్చీ ఏది? ప్రొఫెసరు స్థాయికి మన ఆడవాళ్లని రానిచ్చింది ఎందరిని?

ఆ బోధనేతర ఉద్యోగుల కుర్చీలు రెండూ సూపరింటెండెంట్లకే ఎందుకు పోవాలి? పిల్ల ఏడుపు ముందు విన్నది ఎవరు? ఆయా. రాత్రి ఎవరి బండి హాస్టలు గేటు దగ్గర ఆగిందో తెలిసేది వాచ్‌మన్‌కి. ఇప్పుడు వీళ్లందర్నీ ఔట్‌సోర్సింగ్ చేశారు. నోరిప్పితే రేపు పని లేదు. ఈ చట్టం కాంట్రాక్టు కూలీలకీ వర్తిస్తుందని వాళ్లలో ఎందరికి చెప్పారు? ఢిల్లీ జేఎన్‌యూలో 1999లో పెట్టిన కమిటీలో అధ్యాపకులు, ఉద్యోగులు, విద్యార్థులు ఎవరికివాళ్లు ఎన్నుకున్న ప్రతినిధులుండేవారు. 2017లో దాన్ని తీసేసి నియమించిన కమిటీని పెట్టారు. నియమించినవాడి మొహం చూడకుండా విచారించే మనుషులు ఎందరుంటారు?

కమిటీ మీద కోపంతో "అదంతా నాటకం, పోయి నాలుగు తన్నండి" అనే కుర్రాళ్లు మనలో ఉన్నారు. వాళ్ల కోపం అర్థమవుద్ది. ఒడిశా బాలాసోర్‌లో 2025 జులైలో ఒక కాలేజీ పిల్ల శాఖాధిపతి మీద ఫిర్యాదు చేసి, తిరిగి తిరిగి, ఆ కాలేజీలోనే ఒంటికి నిప్పంటించుకుని చనిపోయింది. ఆమె చచ్చేదాకా వచ్చాక శాఖాధిపతినీ ప్రిన్సిపాల్‌నీ అరెస్టు చేశారు. అయితే తొందరపాటు ఏం చేస్తుందో కూడా చూడండి. గోవా యూనివర్సిటీలో 2009లో ఆడపిల్లలు ఒక అధ్యాపకుడి మీద ఫిర్యాదిచ్చారు. కమిటీ వరసబెట్టి కూర్చుని, అతను గడువు అడిగినా ఇవ్వకుండా ముగించింది. ఉద్యోగం తీసేశారు. 2023 మే 12న సుప్రీంకోర్టు ఆ విచారణ పద్ధతి ప్రకారం జరగలేదని కొట్టేసి మళ్లీ విచారణ చెయ్యమంది. పద్నాలుగేళ్లు! ఆ పిల్లలకి మళ్లీ విచారణ. అందుకే ఈ పనిచేసే అధ్యాపకులకి శిక్షణ కావాలి, తలుపున్న గది కావాలి, క్లాసుల్లో సడలింపు కావాలి. మంచి మనసు ఒక్కటే చాలదు.

ఒకటి మన పెద్దమనుషులకి. ఇంత డబ్బు పడేసి రాజీ అనే అలవాటు అక్కడికి తీసుకుపోకండి. ఫిర్యాదు చేసిన ఆడమనిషి తానే అడిగితే తప్ప రాజీ మాట ఎత్తకూడదు, అడిగినా డబ్బు మీద రాజీ కుదరదని చట్టం రాసింది. రుజువు దొరకనంత మాత్రాన ఫిర్యాదు అబద్ధం అయిపోదని కూడా రాసింది. బిడ్డ చెబితే ముందు నమ్మండి.

ఈ ఏడు మా మండలం నుంచి పైచదువులకు పోయే ఆడపిల్లలతో మేమూ వెళ్తున్నాం. మొన్న ఒకచోటికి పోయి కమిటీ పేర్లు అడిగాం. బోర్డు మీద ఉన్నవి పాత పేర్లు, అందులో ఒకామె రిటైరైపోయింది. కమిటీ కాలం మూడేళ్లే గదా, కొత్తది ఎప్పుడు వేశారు, ఎస్సీ, ఎస్టీ మహిళ ఎవరున్నారు, తెలుగులో బోర్డు ఎందుకు లేదు అని కాగితం రాసి ఇచ్చాం. గుమాస్తా "పేర్లు తెలుసుకుని ఏం చేస్తారు మాస్టారూ?" అన్నాడు. ఇన్‌వర్డ్ నంబరు వెయ్యమన్నాం. కాసేపు నసిగి వేశాడు. వచ్చే పక్షం మళ్లీ వెళ్తున్నాం, వచ్చేవాళ్లు కబురు చెయ్యండి.