రెండో రిమోట్

మాది శ్రీరాంపూర్. బాపు సింగరేణిలో పనిచేస్తడు. నా చిన్నప్పుడు ఒక దసరాకు లాభాల వాటా పైసలు పడంగనే మంచిర్యాల తీసుకుపోయి, అన్నకూ నాకూ కలిపి టీవీ వీడియో గేమ్ కొనిచ్చిండు. ఒక క్యాసెట్, రెండు రిమోట్లు. బాపు నైట్ షిఫ్ట్ చేసొచ్చి పగలు పండుకునేది కాబట్టి సౌండ్ బంద్ పెట్టి ఆడేవాళ్లం. నవ్వొస్తే దిండులో మొహం దాచుకునుడే!

ఆ పెట్టె 1983లో నింటెండో జపాన్‌లో తెచ్చిన ఫ్యామికామ్‌కు నకలు అని ఇంజనీరింగ్‌కొచ్చాకే తెలిసింది. అంటే మా ఇంటికి చేరేసరికి దానికి దాదాపు ముప్పై ఏళ్లు. చేరింది కదా, అదే గొప్ప.

ఇప్పుడు లెక్కలు చూడండి. వీ, పీఎస్3, ఎక్స్‌బాక్స్ 360 మూడూ కలిపి సుమారు 27 కోట్లు అమ్ముడయ్యాయి. తర్వాతి తరంలో పీఎస్4 11.7 కోట్లు, వీ యూ 1.35 కోట్లు. ఎక్స్‌బాక్స్ వన్ లెక్కను మైక్రోసాఫ్ట్ చెప్పడం మానేసింది. పీఎస్4లో సగం కూడా అమ్మలేదని మాత్రం ఒప్పుకుంది. ఎట్ల కూడినా 19 కోట్లు దాటదు. స్విచ్ 15 కోట్లు దాటింది కదా అంటారేమో. అది చేతిలో పట్టుకొని తిరిగేది కూడా. నేనంటున్నది టీవీ ముందే ఉండే పెట్టె గురించి.

"ఫోనే దాన్ని మింగింది" అంటారు మన హాస్టల్లో. 2016లో జియో, 2018లో పబ్‌జీ మొబైల్ వచ్చాక అది సగం నిజం. మిగతా సగం ధర. పీఎస్2 అమెరికాలో 2000లో 299 డాలర్లు, 2009కి 99. అదే 2009లో హైదరాబాద్‌కు చెందిన ఒరోనా టెక్నాలజీస్ చేసిన 'హనుమాన్: బాయ్ వారియర్' ఆ పెట్టె మీదే వచ్చింది. మొత్తం మీద పీఎస్2లు 16 కోట్లు అమ్ముడయ్యాయి. మరి పీఎస్5? మన దేశంలో 2021లో 49,990 రూపాయలు, 2022 చివరికి 54,990. పాతబడ్డకొద్దీ రేటు పెరిగితే మా కాలనీ క్వార్టర్లకు అది ఎప్పుడు చేరాలె?

ఫోన్‌ను నేను తిట్టను. నా ఫోన్ లేకపోతే నాకు ఆటే లేదు. కానీ పోయిన దసరాకు అన్న ఇంటికొస్తే ఇద్దరం ఒకే మంచం మీద కూర్చొని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకొని, ఎవరి ఆట వాళ్లం ఆడుకున్నాం. బాపు లేచే ఉన్నడు. సౌండ్ పెట్టినా ఏమనేటోడు కాదు.

అందుకే ఒక మాట. ఈసారి ఫెస్ట్‌లో గేమింగ్ అంటే అందరం ఫోన్లు పట్టుకొని కూర్చునుడే కావద్దు. ఎవరింట్లోనైనా అటక మీద పాత పెట్టె ఉంటే పట్టుకురండి. కామన్ రూమ్ టీవీకి పెడదాం. రెండో రిమోట్ మాత్రం మర్చిపోకండి.