ఏప్రిల్ 15 లోపే లెక్క తీయండి

ఏటా ఏప్రిల్ 15న ప్రభుత్వ నిషేధంతో తూర్పు తీరమంతా ఇంజను బోట్ల వేట ఆగుతుంది. జూన్ 14 దాకా, 61 రోజులు, నెల్లూరు జిల్లా మైపాడు, కృష్ణపట్నం, జువ్వలదిన్నెల్లో బోట్లు ఒడ్డునే. ఆ రోజులకు మత్స్యకారులకు రాష్ట్ర ప్రభుత్వమిచ్చే భృతి ఒకప్పుడు 4,000 రూపాయలు. 2019లో 10,000, 2025లో 20,000 అయింది. పెంచడం న్యాయమే. కానీ ప్రకటనల్లో కనబడేది ఎంతమంది ఖాతాల్లో ఎంత పడిందన్న లెక్కే. దాన్నే పథకం ఫలితమనుకుంటే మోసపోతాం.

ఖాతాలో పడడం వేరు, ఇంట్లో నిలవడం వేరు. వేట లేనప్పుడు తెచ్చిన అప్పు వడ్డీకే భృతి సరిపోవచ్చు. జూన్‌లో డీజిలుకు, ఐసుకు, వలల మరమ్మతుకు మళ్ళీ షావుకారే దిక్కు. పట్టిన చేప అతనికే వేయాలంటే ధరా అతను చెప్పిందే. తట్టలో చేపలమ్మే ఆడవాళ్ళకూ ఆ రెండు నెలలు సరుకుండదు. భృతి మాత్రం వేటకెళ్ళేవారి పేరిటే.

చేపలు పెరిగాయా అన్న సంగతి ఇంకా చిక్కు. జూన్‌లో వల బరువెక్కితే నిషేధం ఫలించిందంటాం. రెండు నెలలు పట్టని చేప ఆ వారం దొరుకుతుంది, సరే, సెప్టెంబరులోనూ దొరుకుతోందా? తీరమంతా ఒక్కసారే ఆగుతుంది కనుక ఆగని రేవుతో పోల్చే వీల్లేదు. 2015లో 47 రోజుల నిషేధం 61కి పెరిగింది. ఈలోగా డీజిలు ధరలు మారాయి, మన తీరంలోకొచ్చే తమిళనాడు పెద్ద బోట్లపై మనవాళ్ళ ఫిర్యాదులూ ఆగలేదు. ఏ మార్పు దేనివల్లో ఎలా విడదీస్తాం?

కష్టమని వదిలేయక్కర్లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి, పింఛన్ల చెల్లింపుకు స్మార్ట్‌కార్డులిచ్చినప్పుడు 157 మండలాలను లాటరీతో విడదీసి, కొన్నిటికి ముందు, మిగతావాటికి తర్వాత ఇచ్చారు. ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్ బృందం రెండింటినీ పోల్చి చూస్తే, ఉపాధి హామీ కూలిలో పక్కదారి పట్టే సొమ్ము సుమారు 41 శాతం తగ్గినట్టు తేలింది. భృతికి లాటరీ వేయలేం, వేయకూడదు. నిషేధానికి ముందరి లెక్క మాత్రం తీయగలం.

వేట ఆగిపోయాక 'ముందు ఎలా ఉండేది' అని అడిగితే గుర్తున్నంతే చెబుతారు. మార్చిలోనే రేవుకు కొన్ని ఇళ్ళు చీటీలు వేసి ఎంచుకుని అప్పు, వడ్డీ, ఆడవాళ్ళ సంపాదన రాయాలి. అవే ఇళ్ళకు జూన్ చివర, దీపావళికి మళ్ళీ వెళ్ళాలి. భృతి పంచే శాఖకు ఈ పని అప్పగించకూడదు. నెల్లూరులో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం ఉంది, దానికివ్వొచ్చు. ఈ వివరాలను బట్టి ఎవరి భృతీ తీసెయ్యబోమని ముందే రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి. భృతి పోతుందన్న భయం ఉంటే ఏ ఇల్లాలూ అసలు అప్పు చెప్పదు.