ఇరవై క్రెడిట్లలో రైతు మాటకు చోటెక్కడ?

బి.యస్సీ. (ఆనర్స్) వ్యవసాయ విద్యార్థి నాలుగవ సంవత్సరంలో అడుగు పెట్టగానే తరగతి గది వెనక్కి జరిగి ఊరు ముందుకు వస్తుంది. ఐదవ డీన్ల కమిటీ పాఠ్యప్రణాళిక ప్రకారం ఒక సెమిస్టరు మొత్తం, అంటే 20 వారాలు, 20 క్రెడిట్లు, గ్రామీణ వ్యవసాయ పని అనుభవానికీ వ్యవసాయ పరిశ్రమల శిక్షణకూ కేటాయించబడినాయి. ఇందులో 8 వారాలు గ్రామంలో, 5 వారాలు కృషి విజ్ఞాన కేంద్రంలోనో పరిశోధనా స్థానంలోనో, 2 వారాలు సస్య చికిత్సా కేంద్రంలో, 3 వారాలు ఏదైనా వ్యవసాయ పరిశ్రమలో గడపాలి. మొదటి వారం అవగాహనకు, చివరి వారం నివేదికకు, మూల్యాంకనానికి. 2015లో ప్రారంభమైన ‘స్టూడెంట్ రెడీ’ కార్యక్రమం ఈ ఏర్పాటుకు అఖిల భారత స్థాయిలో ఒక రూపాన్నీ, విద్యార్థికి నెలకు 3 వేల రూపాయల భృతినీ ఇచ్చింది.

కాగితం మీద ఇంత చక్కని ఏర్పాటు మరే డిగ్రీలోనూ కనిపించదు. అయితే సెమిస్టరు చివర విద్యార్థి చేతిలో ఉండేది ఏమిటి? రంగు పెన్నులతో గీసిన గ్రామ వనరుల పటం, అట్ట వేసిన రికార్డు పుస్తకం, హాజరు పత్రాలు, మౌఖిక పరీక్షకు సిద్ధం చేసుకున్న కొన్ని సమాధానాలు. చాలా చోట్ల మార్కులు పడేది వీటికే. ఊరిలో ఎనిమిది వారాలూ అతనిని తన పొలంలోకి రానిచ్చిన అనుబంధ రైతుకు ఆ మార్కులతో సంబంధం లేదు. విద్యార్థి నేర్చుకున్నాడా లేదా అన్నది అందరికంటే బాగా తెలిసినవాడు ఆ రైతే. అతనిని అడగవలసిన అవసరం ఎవరికీ కలగకపోవడం ఆశ్చర్యం.

ఈ ప్రశ్న ఇప్పుడు వ్యవసాయ కళాశాలల గోడలు దాటింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుండి సాధారణ డిగ్రీ విద్యార్థులకు కూడా 10 నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అయింది. నూతన జాతీయ విద్యావిధానం తరువాత వచ్చిన జాతీయ క్రెడిట్ చట్రం 30 గంటల అభ్యసనాన్ని ఒక క్రెడిట్‌గా లెక్కిస్తుంది. గంటలను లెక్కించడం సులభం. ఆ గంటలలో విద్యార్థి ఏమి చేశాడన్నది లెక్కలో చేరదు. కార్యాలయంలో ముప్పై గంటలు జిరాక్సు తీసినవానికీ, ముప్పై గంటలు తనిఖీ అధికారి వెంట తిరిగినవానికీ క్రెడిట్ ఒకటే.

ప్రభుత్వ కార్యాలయాన్నే తీసుకుందాం. మండల వ్యవసాయ అధికారి వద్దకు ఐదుగురు విద్యార్థులు చేరినారనుకుందాం. అది వానాకాలం పంటల నమోదు జరిగే సమయం. కార్యాలయంలో సిబ్బంది తక్కువ, పని ఎక్కువ. కంప్యూటరు తెలిసిన ఐదుగురు యువకులు దొరికితే ఏ అధికారి వదులుకుంటాడు? సర్వే నంబర్లు, ఆధార్ అంకెలు టైపు చేయడంతోనే వారాలు గడిచిపోతాయి. ఇందులో అధికారిని నిందించవలసినదేమీ లేదు. విద్యార్థికి ఏమి చూపాలో అతనికి కళాశాల చెప్పలేదు. వచ్చిన లేఖలో ‘శిక్షణ ఇవ్వగలరు’ అన్న ఒక్క మాట తప్ప మరేమీ ఉండదు.

నిజానికి అదే కార్యాలయంలో ఒక్క రోజు విత్తన నమూనా సేకరణను దగ్గరుండి చూస్తే 1966 విత్తన చట్టం విద్యార్థికి జీవితాంతం గుర్తుంటుంది. నమూనాను మూడు భాగాలు చేసి, సీలు వేసి, ఒకటి దుకాణదారుకు ఇచ్చి, ఒకటి విశ్లేషకునికి పంపి, మూడవది ఎందుకు భద్రపరుస్తారో చూసినవానికి, న్యాయస్థానంలో ఆ మూడవ సంచి విలువ ఏమిటో ప్రత్యేకంగా బోధించనక్కరలేదు. ఏ దుకాణంలో నమూనా తీయాలి, ఏ దుకాణాన్ని విడిచిపెట్టాలి అన్న నిర్ణయం ఎలా జరుగుతుందో కూడా అక్కడే తెలుస్తుంది. పాఠ్యపుస్తకంలో దొరకని చదువు అది. పరిపాలన అంటే దస్త్రాలు కాదు, పరిమితమైన సమయంలో, పరిమితమైన సిబ్బందితో చేసే ఎంపికలు.

ఇక పరిశ్రమ సంగతి. మూడు వారాలు ఏ మాత్రం సరిపోతాయో ఒక చిన్న లెక్క చెబుతుంది. వరి విత్తన మొలక పరీక్షకు 400 గింజలు తీసుకుంటారు. తుది లెక్కింపు 14వ రోజున జరుగుతుంది. అంటే విత్తన సంస్థలో చేరిన విద్యార్థి మొదటి రోజే గింజలు పెట్టినా ఒకే ఒక్క పరీక్షను మొదటి నుండి చివరి వరకు చూడగలుగుతాడు. ఆ లాటులో మొలక శాతం 80 కంటే తక్కువ వస్తే సంస్థ ఏమి చేస్తుంది? మళ్ళీ శుద్ధి చేస్తుందా, తిరిగి పరీక్షిస్తుందా, ధాన్యంగా అమ్ముకుంటుందా? వ్యాపారం నేర్చుకోవడమంటే ఈ ఘట్టాన్ని చూడడమే. సరిగ్గా ఈ ఘట్టం వచ్చేసరికి విద్యార్థి సెలవు పుచ్చుకుంటాడు.

సమయం చాలకపోవడం ఒక ఎత్తు, పని స్వభావం మరొక ఎత్తు. ప్రయోగశాలలో, శుద్ధి కర్మాగారంలో విద్యార్థికి చోటివ్వడం సంస్థకు శ్రమ. అమ్మకాల విభాగంతో ఊళ్ళు తిప్పడం లాభం. టోపీ, కరపత్రాల సంచి ఇచ్చి రైతు సమావేశాలకు పంపితే విద్యార్థికి హాజరు పడుతుంది, సంస్థకు ప్రచారం జరుగుతుంది. ఈ మార్గం అందరికీ అనుకూలం, ఒక్క రైతుకు తప్ప. 2021-22లో మిరపపై నల్ల తామరపురుగు విరుచుకుపడినప్పుడు గుంటూరు, ఖమ్మం ప్రాంతాల రైతులు మందు మీద మందు కొట్టినా ఫలితం లేక తోటలు పీకివేసిన దృశ్యాలు విస్తరణ శాస్త్రవేత్తలకు గుర్తుండే ఉంటాయి. అటువంటి సంవత్సరంలో నీలిరంగు జిగురు అట్టలు కట్టమని, అనవసరపు పిచికారీలు మానమని ఆగస్టులో చెప్పిన విద్యార్థిని నవంబరులో అదే ఊరికి ఒక మందు డబ్బా పట్టుకుని వస్తే రైతు ఏ మాటను నమ్మాలి? ఆమెకు అవి రెండు వేర్వేరు కోర్సులు. రైతుకు మాత్రం విశ్వవిద్యాలయం పంపిన అమ్మాయి ఒక్కతే. అక్కడ పోయిన నమ్మకం ఆ తరువాత వెళ్ళే ప్రతి శాస్త్రవేత్త ఖాతాలో నుండి తగ్గుతుంది.

కనుక పరిశ్రమలో శిక్షణ వద్దనడం సరికాదు. వ్యవసాయ పట్టభద్రులలో అనేకులు చివరకు చేరేది విత్తన, ఎరువుల, పురుగుమందుల సంస్థలలోనే. ఆ లోకాన్ని చదువుకునే రోజుల్లోనే విమర్శనాత్మకంగా చూడడం మంచిది. కాని అమ్మకపు పనికి క్రెడిట్ ఇవ్వరాదు. విద్యార్థి పనిచేసిన గ్రామంలో, ఆ సెమిస్టరులో, అతనిచేత ఏ సంస్థా తన ఉత్పత్తిని ప్రచారం చేయించరాదు. ఒప్పంద పత్రంలో ఈ రెండు వాక్యాలు చేర్చడానికి కొత్త నిబంధనావళి ఏదీ అక్కరలేదు.

అమెరికాలోని సిన్సినాటి విశ్వవిద్యాలయంలో 1906లో హెర్మన్ ష్నైడర్ 27 మంది ఇంజనీరింగు విద్యార్థులతో పని, చదువు కలిపిన పద్ధతిని ప్రారంభించినప్పుడు వారు ఒక వారం కర్మాగారంలో, మరొక వారం తరగతిలో ఉండేవారు. యంత్రం దగ్గర పుట్టిన సందేహం చల్లారకముందే అధ్యాపకుని ముందుకు వచ్చేది. మన దేశంలో పిలానీ విద్యాసంస్థ 1973లో ప్రాక్టీస్ స్కూలును నెలకొల్పి అధ్యాపకులను కూడా పరిశ్రమకే పంపింది. వ్యవసాయ విద్యలో ఈ రెండూ జరగడం లేదు. విద్యార్థి ఒకసారి వెళ్ళి చివరలో వస్తాడు. పర్యవేక్షకుడైన అధ్యాపకుడు తన బోధన, పరిశోధన పనుల మధ్య వీలు చూసుకుని సంతకాలకు వస్తాడు. పది పదిహేను గ్రామాలు ఒకరికే అప్పగించి వాహన సౌకర్యం కల్పించకపోతే అంతకంటే ఏమి ఆశించగలం?

పక్షానికి ఒక రోజు విద్యార్థులను దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రంలో సమావేశపరచి, ఆ పదిహేను రోజులలో ప్రతి ఒక్కరూ చూసిన ఒక నిర్ణయాన్ని చర్చకు పెట్టవచ్చు. రైతు పత్తి మానేసి మొక్కజొన్న ఎందుకు వేశాడు? వ్యవసాయ అధికారి ఒక దుకాణం లైసెన్సును ఎందుకు నిలిపివేశాడు? సంస్థ ఒక విత్తన లాటును ఎందుకు వెనక్కి తీసుకుంది? నిర్ణయం ఎవరిది, ఆధారం ఏమిటి, మరో మార్గం ఉన్నదా? ఈ మూడు ప్రశ్నలకు రెండు పుటల సమాధానం రాయగలిగినవాడు వంద పుటల రికార్డు నింపినవాని కంటే ఎక్కువ నేర్చినట్లే. ప్రస్తుత రికార్డులో వర్షపాతం, జనాభా, భూకమతాల పట్టికలు అవసరమే కాని, అవి ఏటా ఒక జట్టు నుండి మరొక జట్టుకు చేతులు మారుతుంటాయన్నది కళాశాలలలో ఎవరికీ తెలియని రహస్యం కాదు.

రైతు చేత మార్కులు వేయించడం సాధ్యమా అన్న సందేహం సహజం. రైతు మొహమాటపడతాడు, పిల్లవాని భవిష్యత్తు పాడుచేయడం ఎందుకని అందరికీ మంచే చెబుతాడు అనే వాదన ఉంది. అది కొంతవరకు నిజమే. అందుకే అతనిని అంకెలు అడగకూడదు. ‘ఈ అబ్బాయి ఏ పనులకు వచ్చాడు? ఏమి అడిగాడు? వాడు చెప్పినదానిలో మీరు ఏది పాటించారు, ఏది పాటించలేదు, ఎందుకు?’ అని అడిగి, సమాధానాన్ని పరీక్షకుడు తెలుగులోనే రాసుకోవాలి. పాటించకపోవడానికి రైతు చెప్పే కారణం విద్యార్థికి ముందే తెలిసి ఉంటే అతడు ఆ పొలాన్ని అర్థం చేసుకున్నట్లు. తెలియకపోతే ఎనిమిది వారాలలో రైతుతో అతనికి నిజమైన సంభాషణ జరగలేదన్నమాట.

ఆరవ డీన్ల కమిటీ పాఠ్యప్రణాళిక ఇంటర్న్‌షిప్‌ను చదువు తొలి సంవత్సరాలకు కూడా విస్తరింపజేసింది. మొదటి లేదా రెండవ సంవత్సరంతో చదువు ముగించి సర్టిఫికెట్టో డిప్లొమానో తీసుకునేవారు 10 వారాల ఇంటర్న్‌షిప్ చేసి 10 క్రెడిట్లు సాధించాలి. వీరిలో ఎక్కువమంది ఆర్థిక ఇబ్బందుల వల్ల చదువు ఆపేవారే అయి ఉంటారు. వీరికి ఆ పది వారాలే ఉద్యోగానికి తొలి మెట్టు. అవి కూడా టైపు పనిలోనో కరపత్రాల పంపకంలోనో గడిచిపోతే వారికి మళ్ళీ నేర్చుకునే సెమిస్టరు లేదు.

ఈ మార్పులకు పెద్ద వ్యయమేమీ కాదు. ఆతిథ్యమిచ్చే కార్యాలయానికి, సంస్థకు పంపే లేఖలో విద్యార్థి చూడవలసిన నాలుగు పనులను పేరుపేరునా రాయడం, పర్యవేక్షకునికి ప్రయాణ సౌకర్యం కల్పించడం, తుది మౌఖిక పరీక్షలో ఒక భాగాన్ని కళాశాల నుండి ఊరికి మార్చడం చాలు. సెమిస్టరు ముగిసే నాటికి పత్తి తీతలు సాగుతుంటాయి, మిరప పూతలో ఉంటుంది. పని వదులుకుని కళాశాలకు రమ్మని రైతును పిలవనవసరం లేదు, పరీక్షకుడే ఒక పూట గట్టు మీదికి వెళ్ళవచ్చు.