చీకటి పడితేనే పలికే స్టేషన్లు

2022 డిసెంబర్‌లో ఒక రాత్రి నేను పాకిస్థాన్‌ని పట్టేశా. అలాగని అనుకున్నా.

హైదరాబాద్‌లో మా ఫ్లాట్ బాల్కనీ. ప్లాస్టిక్ కుర్చీ, మెడకు మఫ్లర్, ఒళ్ళో చిన్న ట్రాన్సిస్టర్. 1476 కిలోహెర్ట్జ్ దగ్గర చక్కటి ఉర్దూ వినపడుతోంది. ఎవరో పెద్దాయన తీరిగ్గా మాట్లాడుతున్నాడు. వెంటనే ఫోన్‌లో రికార్డ్ చేసి, ఈ పిచ్చి ఉన్న నలుగురం కలిసి పెట్టుకున్న వాట్సాప్ గ్రూప్‌లో పడేశా. "లాహోర్ అంటారా, ఫైసలాబాద్ అంటారా?" అని పైన ఒక ప్రశ్న కూడా.

ఆ గ్రూప్‌లో రిటైరైన టెలికాం ఇంజనీర్ ఒకాయన ఉన్నారు. పది నిమిషాల తర్వాత ఆయన దగ్గర్నుంచి ఒకే ఒక్క లైను వచ్చింది: "బాబూ, 738ని రెండుతో హెచ్చవేసి చూడు."

738 అంటే ఆకాశవాణి హైదరాబాద్ 'ఎ' కేంద్రం. అక్కడికి తిప్పా. అదే పెద్దాయన, అదే గొంతు, అదే వాక్యం. హైదరాబాద్ కేంద్రం ఉర్దూ కార్యక్రమం అది. దగ్గర్లో ఉన్న ట్రాన్స్‌మిటర్ సిగ్నల్ మరీ బలంగా వచ్చి పడితే చిన్న రేడియో తట్టుకోలేదు, సరిగ్గా రెట్టింపు ఫ్రీక్వెన్సీ దగ్గర ఒక దొంగ నకలు పుట్టిస్తుంది. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతకడం అంటే ఇదే కదా. నేనైతే సరిహద్దు దాకా వెళ్ళి వెతికా.

ఇలాంటి సన్మానాలు జరిగే ఈ హాబీ పేరు డీఎక్సింగ్. డీఎక్స్ అంటే పాత టెలిగ్రాఫ్ వాళ్ళ భాషలో 'దూరం'. మన వైపు మీడియం వేవ్ బ్యాండ్ 531 నుంచి 1602 కిలోహెర్ట్జ్ దాకా, తొమ్మిదేసి కిలోహెర్ట్జ్‌ల ఎడంతో ఉంటుంది. లెక్కేస్తే 120 గదులు. పగలు తిప్పితే అందులో నాలుగైదు గదుల్లోనే లైటు వెలుగుతుంది. రాత్రి ఎనిమిదికి తిప్పండి, ఒక్కో గదిలో ముగ్గురేసి మాట్లాడుతుంటారు. వాళ్ళెవరో, ఎక్కడి వాళ్ళో తేల్చడమే ఆట.

"మా ఫోన్‌లో రేడియో ఉంది కదా" అనకండి. ఉంటే గింటే అది ఎఫ్‌ఎం. ఇయర్‌ఫోన్ వైరే దానికి యాంటెన్నా. మీడియం వేవ్ పట్టాలంటే లోపల ఫెర్రైట్ కడ్డీ మీద చుట్టిన తీగ కావాలి. అదీ కాక ఫోన్ పక్కన ఉంటేనే రేడియో గరగరలాడుతుంది, ఇక ఒకే డబ్బాలో కాపురం పెడితే చెప్పక్కర్లేదు.

మరి పగలు లేని స్టేషన్లు రాత్రి ఎక్కడి నుంచి వస్తాయి? పగలు కూడా అవి అక్కడే ఉంటాయి, దారే మూసుకుపోతుంది. ఎండకు మన నెత్తిన 60 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తులో 'డి' అనే పొర తయారవుతుంది. పైకి వెళ్ళిన మీడియం వేవ్ తరంగాన్ని అది స్పంజి నీటిని పీల్చినట్టు పీల్చేస్తుంది. సూర్యుడు దిగాక ఆ పొర కరిగిపోతుంది. దానికి పైన, 100 కిలోమీటర్లు, ఇంకా ఎత్తున ఉండే పొరలు తరంగాన్ని వంచి కిందకి పంపిస్తాయి. ఒక దూకుకి వందల కిలోమీటర్లు, కొన్నిసార్లు వెయ్యి కూడా దాటేస్తుంది.

దీన్ని కనిపెట్టిన పద్ధతి నాకు చాలా ఇష్టం. 1924 డిసెంబర్‌లో ఎడ్వర్డ్ ఆపిల్టన్, మామూలు ప్రోగ్రాములు అయిపోయాక బోర్న్‌మత్‌లోని బీబీసీ స్టేషన్‌ని అడిగి, దాని వేవ్‌లెంగ్త్‌ని కొంచెం కొంచెం మార్పించాడు. ఆక్స్‌ఫర్డ్‌లో కూర్చుని సిగ్నల్ ఎలా పెరిగి తగ్గుతోందో చూస్తూ పై పొర ఎత్తు లెక్కగట్టాడు. అంటే ఆయన కూడా అర్ధరాత్రి రేడియో వింటూ కూర్చున్నవాడే, కాకపోతే 1947లో నోబెల్ వచ్చింది. అదే 1947లో, కలకత్తాలో ఏళ్ళ తరబడి ఇవే పొరల మీద పనిచేసిన శిశిర్ కుమార్ మిత్రా రాసిన 'ది అప్పర్ అట్మాస్ఫియర్' పుస్తకం వచ్చింది. మా ఇంజనీరింగ్ సిలబస్‌లో ఈ పొరలన్నీ ఒక బొమ్మ, ఎనిమిది మార్కులు. బట్టీ కొట్టి రాసేశా. అవి మా మిద్దె మీదే ఉన్నాయని తట్టలేదు.

తట్టింది 2021లో. వర్క్ ఫ్రమ్ హోమ్ పుణ్యమా అని కడప జిల్లాలో మా ఊళ్ళో ఉన్నా. సాయంత్రం కాల్‌లో ఉండగా కరెంట్ పోయింది, దాంతోపాటు వైఫై పోయింది. మిద్దెక్కా. మా నాయన వ్యవసాయ కార్యక్రమాల కోసం వాడే పాత రేడియో అక్కడే గోడ మీద ఉంది. కడప స్టేషన్ 900 మీద వస్తుంది, నాకు తెలిసింది అంతే. ఊరికే ముల్లు కుడి చివరకి లాగా. ఊరంతా కరెంట్ లేదు కాబట్టి రేడియోలో ఒక్క గరగర లేదు. 1575 దగ్గర ఏదో కొత్త భాష. కాసేపటికి ఒక బ్యాండు ట్యూన్, ఆ వెంటనే ఇంగ్లీషులో ప్రకటన: వాయిస్ ఆఫ్ అమెరికా, వాషింగ్టన్.

మెట్ల మీద నుంచే అరిచా, "నాయనా, అమెరికా వస్తాంది!"

ఆయన కింద నులక మంచం మీద నుంచి కదల్లేదు. "మనోళ్ళెవురన్నా మాట్లాడతాండారా?" అన్నాడు.

రాత్రి కరెంట్ వచ్చాక వెతికితే తెలిసింది, అది అమెరికా నుంచి రావట్లేదు. థాయ్‌లాండ్‌లో అయుత్తయ దగ్గర వాళ్ళకో రిలే కేంద్రం ఉంది, 1000 కిలోవాట్లది. మా ఊరి నుంచి దాదాపు 2,300 కిలోమీటర్లు. నేను కొంచెం డీలా పడ్డా కానీ, నిజానికి అసలు రుచి దొరికింది అప్పుడే. వింటున్న మాట ఒక దేశానిది, భాష ఇంకో దేశానిది, సిగ్నల్ లేచింది మూడో దేశంలో. ఎక్కడి నుంచి ఏది వస్తోందో విడదీయాలి.

మామూలుగా దిక్కు తెలుసుకోవడానికి రేడియోనే తిప్పుతాం. లోపలి ఫెర్రైట్ కడ్డీ కొస స్టేషన్ వైపు చూస్తే ఆ స్టేషన్ సన్నబడిపోతుంది. దాన్ని అలా నొక్కేస్తే అదే గదిలో ఉన్న రెండోవాడి గొంతు పైకి వస్తుంది. కానీ 1575 మీద నాకు ఈ చిట్కా సరిగ్గా పనిచేయలేదు. అదే ఫ్రీక్వెన్సీ మీద ఎమిరేట్స్ వైపు నుంచి పర్షియన్ భాషలో ఇంకో పెద్ద స్టేషన్ వచ్చేది. ఒకటి మాకు తూర్పున, రెండోది కొంచెం ఉత్తరంగా పడమరన. ఒకదాన్ని నొక్కబోతే రెండోది కూడా సగం తగ్గిపోయేది.

విడదీసింది సూర్యుడు. థాయ్‌లాండ్‌లో మనకన్నా గంటన్నర ముందే చీకటి పడుతుంది, ఎమిరేట్స్‌లో గంటన్నర తర్వాత. కాబట్టి మా ఊళ్ళో సంధ్యవేళ తూర్పు దారి తెరుచుకుని ఉంటుంది, పడమర దారిలో ఇంకా ఎండ. అప్పుడు థాయ్‌లాండ్ ఒక్కటే పలికేది. ఎనిమిదయ్యేసరికి ఇద్దరూ కలబడేవాళ్ళు. తెల్లవారుజామున, తూర్పున పొద్దు పొడిచాక, పర్షియన్ ఒక్కటే మిగిలేది. మూడు వారాలు రోజూ రాసుకుని ఈ లెక్క నేను సొంతంగా కట్టా. ఏ పుస్తకంలోనైనా ఉంటుంది, ఎనిమిది మార్కులు. అయినా సరే.

(అమ్మకి మాత్రం ఈ పరిశోధన నచ్చలేదు. "ఏందిరా ఆ గరగర, కోడి కుయ్యకముందే? పండుకో పో.")

హైదరాబాద్ తిరిగొచ్చాక ఆకాశం అదే, ఇల్లే శత్రువు. ఎల్ఈడీ బల్బు, చార్జర్, ఇన్వర్టర్, లిఫ్ట్, అన్నీ మీడియం వేవ్ మీదే ఏడుస్తాయి. మొదట్లో పక్క ఫ్లాట్ వాళ్ళ బాల్కనీలో ఉన్న సీరియల్ లైట్లని తిట్టుకున్నా. తర్వాత ఒక ఆదివారం, కోడ్‌లో బగ్ వెతికినట్టే వెతికా. మెయిన్ బోర్డులో సగం స్విచ్‌లు ఆపు, గరగర ఉందా? ఉంటే మిగతా సగం. అయిదు రౌండ్లలో దొంగ దొరికాడు. నా మంచం పక్కనే, నేనే ఫుట్‌పాత్ మీద కొన్న ఫోన్ చార్జర్. పీకి పారేశా. ఆ రాత్రి 837 మీద విజయవాడ, 927 మీద విశాఖ వేరువేరుగా, విప్పి పరిచినట్టు వినిపించాయి. ఇంకో గంటకి 1071 మీద రాజ్‌కోట్. అక్కడున్నది 1000 కిలోవాట్ల ట్రాన్స్‌మిటర్ కాబట్టి అందులో నా గొప్పేం లేదు. 693 మీద ఢాకా పట్టినప్పుడు మాత్రం కాలర్ ఎగరేశా.

ఇంత కష్టం దేనికి, నెదర్లాండ్స్‌లో ట్వెంటే యూనివర్సిటీ వాళ్ళు పెట్టిన వెబ్‌ఎస్‌డీఆర్ ఉంది కదా, బ్రౌజర్‌లోనే యూరప్ రేడియో తిప్పుకోవచ్చు అంటాడు మా రూమ్మేట్. నిజమే, నేనూ తిప్పా, అద్భుతం. కానీ అది వాళ్ళ ఆకాశం, వాళ్ళ యాంటెన్నా. వేరేవాళ్ళ చెరువులో పడిన చేప ఫొటోకి లైక్ కొట్టినట్టుంటుంది. ఫిన్లాండ్ లాప్‌లాండ్‌లో డీఎక్సర్లు చలికాలం అడవిలో చిన్న గుడిసెల్లో దిగి, కిలోమీటరు పొడవు వైర్లు లాక్కుని అమెరికాలోని చిన్న చిన్న ఊళ్ళ స్టేషన్లు వింటారు. పొద్దే పొడవని రోజులు కాబట్టి వాళ్ళకి మధ్యాహ్నం కూడా రాత్రే. నాకు అసూయ వాళ్ళ మీద, ట్వెంటే మీద కాదు.

ఇప్పుడు నేను చేసిన అసలు తప్పు చెప్తా.

ఈ హాబీలో ఒక పాత మర్యాద ఉంది. స్టేషన్ పట్టాక వాళ్ళకి రిపోర్ట్ రాస్తాం: తేదీ, టైమ్, ఫ్రీక్వెన్సీ, ఏం విన్నాం, సిగ్నల్ ఎలా ఉంది. వివరాలు సరిపోతే వాళ్ళు 'అవును, నువ్వు విన్నది మా స్టేషనే' అని ఒక కార్డు పంపిస్తారు. క్యూఎస్ఎల్ కార్డు అంటారు. నా నోట్‌బుక్‌లో 1575కి మూడు వారాల వివరాలున్నాయి. అంత పకడ్బందీ రిపోర్ట్ నేను మళ్ళీ తయారు చేయలేదు. కానీ పంపలేదు. రిలీజ్ ఉంది, ఆన్‌కాల్ ఉంది, వచ్చే వారం చూద్దాం. 1000 కిలోవాట్లది ఎక్కడికి పోతుందిలే అనుకున్నా.

2025 మార్చి మధ్యలో అమెరికా ప్రభుత్వ ఉత్తర్వుతో వాయిస్ ఆఫ్ అమెరికా ఉద్యోగుల్ని ఉన్నపళంగా సెలవు మీద పంపేశారు. ప్రసారాలు ఆగిపోయాయి. ఆ తర్వాత కొన్ని భాషల్లో కొద్దికొద్దిగా మొదలైనా, నా 1575 మీద సాయంత్రం ఆ బ్యాండు ట్యూన్ మళ్ళీ వినలేదు. ఇది ఒక్క చోట జరిగింది కాదు. జర్మనీలో డాయిచ్‌లాండ్‌ఫుంక్ 2015 డిసెంబర్ 31తో మీడియం వేవ్ ఆపేసింది. మన దేశంలోనూ ఎఫ్‌ఎం పెరిగే కొద్దీ మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లు కొన్ని మూగబోయాయి. ఖర్చు లెక్క చూస్తే వాళ్ళని తప్పు పట్టలేను, ఆ కరెంట్ బిల్లు ఊహించుకోండి. కానీ తుఫానుకి టవర్లు పడిపోయి ఫోన్లు మూగబోయిన రాత్రి, రెండు సెల్స్ మీద నడిచే ఈ డబ్బాకి వందల కిలోమీటర్ల అవతలి కబురు అందుతుంది. ఆ పని ఇంకెవరు చేస్తారో నాకైతే తెలీదు.

మీకు చూడాలనిపిస్తే ఇది మంచి సీజనే. ఎండాకాలం ఉరుముల పటపటలు ఎక్కువ, చలికాలం రాత్రులు నిశ్శబ్దం. మీడియం వేవ్ ఉన్న రేడియో వెయ్యి రూపాయల చుట్టుపక్కల దొరుకుతుంది, ఇంట్లో అటక మీద ఉంటే అదీ అక్కర్లేదు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళు ముందు 837 మీద విజయవాడని వెతకండి. రాత్రిపూట గొంతు ఊగుతూ, పెరుగుతూ తగ్గుతూ వస్తే రేడియో పాడైందనుకోకండి. నేల మీదుగా వచ్చిన తరంగం, ఆకాశం నుంచి దిగిన తరంగం ఒకేసారి చేరి తోసుకుంటున్నాయి. మీరు పట్టింది ఏదైనా సరే, ముందు ఇంటి పక్క స్టేషన్ ఫ్రీక్వెన్సీని రెండుతో హెచ్చవేసి చూసుకోండి. పట్టాక రిపోర్ట్ ఆ వారమే పంపేయండి.

మొన్న ఊరెళ్ళినప్పుడు సంధ్యవేళ మళ్ళీ మిద్దెక్కా. 1575 మీద సన్నటి హోరు. ఆ హోరు అడుగున, ఇన్నాళ్ళూ ఆ 1000 కిలోవాట్ల కింద నలిగిపోయినదేదో, ఆడగొంతు, పాటలా ఉంది. రేడియో తిప్పితే ఉత్తరం వైపు నొక్కుకుపోతోంది. ఏ భాషో తేలకముందే సెల్స్ అయిపోయాయి. శనివారం మళ్ళీ వెళ్తున్నా. నాయన ఫోన్ చేసి సెల్స్ నాలుగు తెమ్మన్నాడు, రెండు ఆయన వ్యవసాయానికి, రెండు నా అమెరికాకి అట.